కొన్న థీమ్‌ని విప్పి చూస్తే

జనరల్ బజార్‌లో చీరల షాపు నడిపే అన్న ఒకాయన ఫోన్ నా చేతిలో పెట్టి, "తమ్మీ, డెమోల మస్తుగుండె. మన దాంట్ల గిదేంది?" అని అడిగాడు. స్క్రీన్ మీద, ఆయన షాపు వెబ్‌సైట్‌లో, "కంచి పట్టు చీర" అని ఉంది. దాని పక్కన నల్లటి వజ్రం, వజ్రం లోపల ప్రశ్నార్థకం. అసలు పెట్టిన పేరు "కంచి పట్టు చీరలు పెళ్ళి కలెక్షన్". మిగతాదంతా ఆ వజ్రం మింగేసింది. "చీర కొంటే డైమండ్ ఫ్రీ అనుకుంటరు జనం" అని ఆయనే నవ్వాడు.

ఆ సైట్ వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. దాని రూపాన్ని నిర్ణయించే రెడీమేడ్ డిజైన్‌ని థీమ్ అంటారు, అమ్మేవాళ్ళు దాంతో కట్టి చూపించే నమూనా సైట్ డెమో. థీమ్ కొన్నది ఆయన కాదు, డాలస్‌లో ఉన్న కొడుకు. డెమో నచ్చింది, సుమారు 60 డాలర్లు కట్టాడు. అమీర్‌పేటలో కోర్సు చేసిన ఓ కుర్రాడు దాన్ని ఎక్కించి, ఫొటోలు పెట్టి, ఆరు నెలలకు ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను. హైదరాబాద్‌లో ఫ్రీలాన్స్ వెబ్ పని చేసేవాళ్ళలో చాలామందికి పని ఇలాగే వస్తుంది. మొదటినుంచి కట్టమని ఎవరూ పిలవరు. ఎవరో కొని, ఇంకెవరో ఎక్కించి, ఇప్పుడెందుకో నడవనిది తెచ్చి మన ముందు పెడతారు. క్లయింట్ లెక్కలో అది తయారైపోయిన వస్తువు. "పైసలు పెట్టి కొన్నం గద, చిన్న చిన్న సర్దుడే ఉన్నది" అంటారు. ఆ చిన్న చిన్న సర్దుడే నెలలు తింటుంది.

ఇందులో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. కోడ్ నాసిగా ఉండటం ఒకటి. థీమ్ తనది కాని పనిని నెత్తిన వేసుకోవడం ఇంకొకటి. మొదటిదాన్ని ఓపికగా కూర్చుంటే సరిచేయొచ్చు. క్లయింట్‌ని ఏళ్ళ తరబడి కట్టిపడేసేది రెండోది. ఆ వజ్రం మొదటి రకం కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

వజ్రం ఎక్కడి నుంచి వచ్చింది

థీమ్ రాసినవాళ్ళు ప్రొడక్ట్ పేరు మరీ పొడుగైతే గడి పాడవుతుందని 40 దగ్గర కత్తిరించారు. దానికి వాడింది పీహెచ్‌పీలోని సబ్‌స్ట్ర్ అనే ఫంక్షన్ (వర్డ్‌ప్రెస్, థీమ్‌లు రాసే భాష పీహెచ్‌పీ). అది అక్షరాల్ని లెక్కపెట్టదు, బైట్లని, అంటే కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే చిన్న గదుల్ని లెక్కపెడుతుంది. ఇంగ్లిష్‌లో ఒక అక్షరం అంటే ఒక బైట్, కాబట్టి 40 అంటే 40 అక్షరాలే. వెబ్‌లో అక్షరాల్ని బైట్లుగా రాసుకునే పద్ధతి యూటీఎఫ్-8, అందులో తెలుగుకి ఆ లెక్క కుదరదు. ప్రతి అచ్చుకి, హల్లుకి, గుణింతం గుర్తుకి, పొల్లుకి విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. "కంచి"కి 12, ఖాళీకి 1, "పట్టు"కి 15, ఇంకో ఖాళీకి 1, మొత్తం 29. "చీరలు"లో "చీర" వరకు 9, అంటే 38. ఇక మిగిలింది రెండు బైట్లు. "ల"కి మూడు కావాలి. మూడింట రెండొంతుల "ల"ని బ్రౌజర్ ఏం చేసుకుంటుంది? వజ్రం చూపిస్తుంది.

అదే లైన్‌లో ఇంకో తప్పు కూడా ఉంది. పేజీ మీదికి పంపే ముందు ఏ మాటనైనా ఎస్కేప్ చేయాలి, అంటే అందులో ఎవరైనా దొంగ కోడ్ దూర్చినా అది కోడ్‌లా పనిచేయకుండా మామూలు అక్షరాల్లా కనబడేట్టు చేయాలి. అందుకు వర్డ్‌ప్రెస్‌లో రెడీగా ఫంక్షన్లు ఉన్నాయి. ఈ థీమ్ ఆ పని చేయలేదు. తమాషా ఏంటంటే, చేసి ఉంటే వజ్రం కనబడేదే కాదు. విరిగిన బైట్లు చూసి వర్డ్‌ప్రెస్ పేరు మొత్తాన్ని ఖాళీ చేసేది. షాపాయన "పేరే వస్తలేదు" అని పిలిచేవాడు. ఒక తప్పు ఇంకో తప్పుని దాచిపెట్టిందన్నమాట.

సబ్‌స్ట్ర్ తీసేసి ఎంబీ-సబ్‌స్ట్ర్ పెట్టు, అయిపోతుంది అని ఎవరైనా చెబుతారు. సగం నిజమే. అది బైట్లు వదిలేసి యూనికోడ్ గుర్తుల్ని లెక్కపెడుతుంది కాబట్టి వజ్రం పోతుంది. కానీ "పట్టు" అనే మాట మధ్యలో తెగితే "పట్" దగ్గర ఆగిపోవచ్చు, గుణింతం ఊడిపోయి "చీ" కాస్తా "చ" కావచ్చు. తెలుగుకి మాటల లెక్కన కత్తిరించడమే మర్యాద. వర్డ్‌ప్రెస్‌లోనే దానికి ఒక ఫంక్షన్ ఉంది, డబ్ల్యూపీ-ట్రిమ్-వర్డ్స్. అది పెట్టాను. ఒక్క లైన్ పని.

తెలుగు సైట్లకి ఇలాంటి అవస్థలు ఇంకా చాలా ఉన్నాయి. థీమ్ డెమోలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, పరీక్షించడం కూడా ఇంగ్లిష్‌తోనే. హెడ్డింగులకు లైన్ హైట్ 1.1 అని బిగించి, గడి దాటింది కనపడకుండా దాచేస్తారు. ఇంగ్లిష్‌కి అది ఒద్దికగా ఉంటుంది. తెలుగులో వత్తులు కింద తెగిపోతాయి. "పట్టు" "పటు" అవుతుంది, "లక్ష్మి"కి కాళ్ళు పోతాయి. థీమ్ ఇచ్చిన ఫాంట్ల లిస్టులో ఎన్ని వందల పేర్లున్నా వాటిలో తెలుగు అక్షరాలు ఉండేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఫాంట్‌లో తెలుగు లేకపోతే చూసే ఫోన్‌లో ఏది ఉంటే అది వస్తుంది. ఓనర్ ఫోన్‌లో ఒకలా, ఆయన అకౌంటెంట్ విండోస్ కంప్యూటర్‌లో ఇంకోలా. ఇద్దరూ ఫోన్ చేసి చెరో కంప్లయింట్ చెబుతారు. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. వాటిలో ఒకదాన్ని సైట్‌లోనే పెట్టేసి, లైన్ హైట్ 1.5 పైకి తెస్తే ఈ గొడవ చాలావరకు తీరిపోతుంది.

ఇదంతా ఒక్క పూటలో అయింది. అసలు కథ ఆ తర్వాత మొదలైంది. ఆయన చాయ్ తెప్పించి, "ఎట్లాగూ కూసున్నవ్ గద, డిజైన్ గూడ మార్చేయ్" అన్నాడు.

థీమ్ తీసేస్తే ఏం మిగులుతుంది

వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చింది. ఇప్పుడు మనం థీమ్ అంటున్న ఏర్పాటు 2005లో, 1.5 వెర్షన్‌తో వచ్చింది. దాని వెనక ఆలోచన చాలా తేలిక. మీరు రాసింది, మీ ఫొటోల వివరాలు, మీ సరుకు లెక్క అంతా డేటాబేస్‌లో ఉంటుంది. అది ఎలా కనబడాలో థీమ్ చెబుతుంది. కొత్త పనులేమైనా కావాలంటే ప్లగిన్లు. థీమ్ చొక్కా లాంటిది, విప్పి ఇంకోటి తొడుక్కుంటే మనిషి అదే మనిషి. కనీసం అలా ఉండాలి.

నల్లగండ్ల వైపు కొత్త అపార్ట్‌మెంట్ చూడటానికి వెళితే ముందు మోడల్ ఫ్లాట్ చూపిస్తారు. సోఫా, పరదాలు, ఫాల్స్ సీలింగ్, గోడకి పెయింటింగ్. మనం ఫ్లాట్ చూస్తున్నాం అనుకుంటాం, నిజానికి ఇంటీరియర్ చూస్తున్నాం. థీమ్ డెమో కూడా అంతే. డెమోలో మనకు నచ్చేది ఆ ఫొటోలు, ఆ ఖాళీ స్థలం, మూడే మూడు మాటలున్న హెడ్డింగ్. మన దగ్గర ఉన్నవేమో షాపు ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫొటోలు, రెండు లైన్ల పేర్లు, "రిటైల్ & హోల్‌సేల్, ఆదివారం సెలవు" అనే బోర్డు. అవి అందులో పెట్టగానే డెమో అందం పోతుంది. అది కోడ్ తప్పు కాదు, ఆ మాట క్లయింట్‌కి మెల్లగా చెప్పాలి. కోడ్ తప్పు వేరే చోట ఉంటుంది. ఈ మోడల్ ఫ్లాట్‌లో సోఫాని గోడతో కలిపి కాంక్రీట్ పోసేస్తారు.

ఏ కొన్న థీమ్ నా దగ్గరికి వచ్చినా కోడ్ చదవకముందే ఒక పని చేస్తాను. సైట్‌కి ఒక నకలు తీస్తాను, స్టేజింగ్ అంటారు దాన్ని. అందులో కొన్న థీమ్‌నీ, దానితో వచ్చిన ప్లగిన్లనీ ఆపేసి వర్డ్‌ప్రెస్‌తో ఉచితంగా వచ్చే మామూలు థీమ్ ఆన్ చేస్తాను. ఆ తర్వాత పేజీలన్నీ ఒక్కొక్కటి తెరిచి చూస్తాను. అందంగా ఉందా లేదా అని చూడను. ఏది ఉంది, ఏది పోయింది అన్నదే చూస్తాను.

చీరల షాపు సైట్‌లో ఏం జరిగిందంటే, చీరలు ఉన్నాయి. అవి ఆన్‌లైన్ దుకాణం నడిపే వూకామర్స్ అనే ప్లగిన్‌లో ఉన్నాయి కాబట్టి థీమ్‌తో వాటికి పని లేదు. "మా గురించి" పేజీ తెరిస్తే మాటలకన్నా చదరపు బ్రాకెట్లు ఎక్కువ కనబడ్డాయి. బ్రాకెట్‌లో రో, బ్రాకెట్‌లో కాలమ్, బ్రాకెట్‌లో రంగు కోడ్, వాటి మధ్యలో ఎక్కడో "1978 నుంచి మీ సేవలో". ఇవి షార్ట్‌కోడ్‌లు. థీమ్‌తో పాటు వచ్చిన పేజీ బిల్డర్‌కి, అంటే పేజీలో ముక్కల్ని మౌస్‌తో పేర్చుకునే ప్లగిన్‌కి మాత్రమే అర్థమయ్యే భాష. బిల్డర్ ఆగిపోయిందా, ఆ పేజీ చదవడానికి పనికిరాదు. ఇక "కస్టమర్ల మాటలు", "మా బ్రాంచీలు" అనే రెండు విభాగాలు పూర్తిగా మాయం. అడ్మిన్‌లో మెనూ కూడా లేదు.

షాపాయన అప్పుడు పక్కనే ఉన్నాడు. "అరె, అన్నీ పోయినయా!" అని కుర్చీలోంచి లేచాడు. పోలేదు. ఈ విషయం తెలియకే చాలామంది పాత థీమ్‌కి భయపడుతూ బతుకుతారు. "బ్రాంచీలు" అనేది ఒక కస్టమ్ పోస్ట్ టైప్, అంటే మామూలు పోస్టులు, పేజీలు కాక ప్రత్యేకంగా సృష్టించుకున్న ఒక రకం ఎంట్రీ. ఆ రకం ఉందని వర్డ్‌ప్రెస్‌కి చెప్పే కోడ్ థీమ్‌లో ఉంది. థీమ్ ఆగగానే చెప్పేవాళ్ళు లేరు కాబట్టి వర్డ్‌ప్రెస్ దాన్ని చూపించదు. డేటా మాత్రం డేటాబేస్‌లో వరుసలు వరుసలుగా అలాగే కూర్చుని ఉంటుంది. అదే పేరుతో, అక్షరం తేడా లేకుండా, ఆ రకాన్ని నమోదు చేసే చిన్న ప్లగిన్ ఒకటి రాసి పెట్టాను. పదిహేను లైన్లు. పేజీ రీఫ్రెష్ చేస్తే బ్రాంచీలన్నీ తిరిగొచ్చాయి. ఆయన కూర్చున్నాడు.

వర్డ్‌ప్రెస్ అధికారిక డైరెక్టరీలో ఉచిత థీమ్ పెట్టాలంటే రివ్యూ చేసేవాళ్ళు సరిగ్గా ఇదే అడ్డుకుంటారు. పోస్ట్ టైపులు, కంటెంట్‌లో వాడే షార్ట్‌కోడ్‌లు ప్లగిన్ల హద్దు, థీమ్ అందులోకి రాకూడదని నియమం. అమ్మే థీమ్‌లకి ఆ కాపలా అంత గట్టిగా ఉండదు. కొందరు మంచివాళ్ళు ఆ పనులన్నీ థీమ్ పేరు చివర "కోర్" అని తగిలించిన వేరే ప్లగిన్‌లో పెడతారు. అది చూడగానే నాకు కొంచెం ఊపిరి ఆడుతుంది. థీమ్ మార్చినా ఆ ప్లగిన్ ఉంచుకోవచ్చు, కొంతవరకైనా.

అమ్మేవాళ్ళు ఇలా ఎందుకు రాస్తారు

వాళ్ళకి పని రాదని కాదు. ఆ మార్కెట్ అలా రాయిస్తుంది. థీమ్‌లు అమ్మే బజారు లాంటి సైట్ థీమ్‌ఫారెస్ట్ 2008లో మొదలైన నాటి నుంచి కొనేవాడు చూసేది డెమోనే, కోడ్ కాదు. ఒకే థీమ్‌ని సెలూన్‌కి, హాస్పిటల్‌కి, లాయర్‌కి, ఫంక్షన్ హాల్‌కి అమ్మాలి. అందుకే "మల్టీపర్పస్" అని పేరు పెట్టి డెమోల మీద డెమోలు ఎక్కిస్తారు. చీరల షాపు వాడేది అందులో ఒక్క డెమో. మిగతావాటి స్క్రిప్టులు, స్టైల్ ఫైళ్ళు కూడా చాలా థీమ్‌లలో ప్రతి పేజీకీ దిగుతూనే ఉంటాయి. పెళ్ళికి వెళుతూ బీరువా మొత్తం మోసుకెళ్ళినట్టు.

డబ్బులు కొత్తగా కొన్నవాడి నుంచి వస్తాయి, పాత కొనుగోలుదారు నుంచి రావు. మామూలు లైసెన్స్‌తో సపోర్ట్ ఆరు నెలలు, ఇంకొంచెం కడితే పన్నెండు. ఆ తర్వాత మూడేళ్ళకి ఏదైనా విరిగితే వాళ్ళకి దాన్ని సరిచేయడం వల్ల పెద్దగా వచ్చేదేమీ లేదు. స్టార్ రేటింగ్‌లు కూడా ఎక్కించిన కొత్తలో, ఉత్సాహంలో ఇచ్చినవే ఎక్కువ. మూడో ఏట సైట్ పడిపోయినవాడు వెళ్ళి రేటింగ్ దిద్దడు, నాలాంటివాడికి ఫోన్ చేస్తాడు.

పక్క వాటాలో దొంగ తాళం

థీమ్‌తో "ఉచితంగా" వచ్చే ప్లగిన్ల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దెబ్బలు ఎక్కువగా అక్కడే తగిలాయి. 2011లో టిమ్‌థంబ్ అనే చిన్న ఫైల్ బండారం బయటపడింది. ఫొటోల సైజు తగ్గించడానికి వాడే స్క్రిప్ట్, లెక్కలేనన్ని థీమ్‌లు దాన్ని లోపల పెట్టుకుని వచ్చేవి. దానిలోని లోపంతో బయటివాళ్ళు సర్వర్‌లో తమ ఫైల్ పెట్టి నడపగలిగేవారు. 2014లో స్లైడర్ రివల్యూషన్ వంతు. అది ఫొటోల్ని ఒకదాని తర్వాత ఒకటి కదిలించి చూపించే ప్లగిన్, వెయ్యికి పైగా థీమ్‌లతో కట్టగట్టి వచ్చింది. ఆ ఏడాది డిసెంబర్‌లో సోక్‌సోక్ అనే మాల్‌వేర్ ఆ లోపం గుండా లక్షకు పైగా వర్డ్‌ప్రెస్ సైట్లలోకి దూరింది.

స్లైడర్ తయారుచేసినవాళ్ళు లోపాన్ని అప్పటికే సరిచేశారు. మరి అంతమంది ఎందుకు దెబ్బతిన్నారు? ఆ ప్లగిన్‌ని విడిగా కొన్నవాళ్ళకి అప్‌డేట్ నేరుగా వస్తుంది. థీమ్‌తో వచ్చినవాళ్ళకి రాదు. థీమ్ రాసినవాళ్ళు కొత్త కాపీని తమ థీమ్‌లో పెట్టాలి, దాన్ని కస్టమర్ ఎక్కించుకోవాలి. థీమ్ వాళ్ళు పట్టించుకోకపోతే పాతదే ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద సంగతి, తన సైట్‌లో ఆ ప్లగిన్ ఉందని చాలామంది ఓనర్లకి తెలియనే తెలియదు. లేదనుకున్న తలుపుకి ఎవరు తాళం వేస్తారు?

చీరల షాపు సైట్‌లో బిల్డర్ ప్లగిన్ పక్కన "కొత్త వెర్షన్ ఉంది" అని చూపిస్తోంది గానీ నొక్కితే లైసెన్స్ కోడ్ అడుగుతోంది. డాలస్‌లో అప్పుడు రాత్రి రెండు. పొద్దున కొడుకు పంపిన కోడ్ వేస్తే చెల్లలేదు. అది థీమ్ కొన్నప్పుడు వచ్చిన పర్చేజ్ కోడ్. ప్లగిన్‌కి అది పనిచేయదు, థీమ్ అప్‌డేట్ ద్వారానే రావాలి. ఇది నాసి కోడ్ కాదు, లైసెన్స్ పద్ధతే అంత. కానీ కౌంటర్ దగ్గర నిలబడి ఆ తేడా చెప్పి చూడండి.

ఇంకో రకం ఉంది. "నల్డ్" థీమ్‌లు. లైసెన్స్ తాళం పీకేసిన దొంగ కాపీలు, వంద రూపాయలకో, ఊరికేనో, టెలిగ్రామ్ గ్రూపుల్లో దొరికేవి. డబ్ల్యూపీ-వీసీడీ అనే మాల్‌వేర్ ఏళ్ళ తరబడి వ్యాపించింది ప్రధానంగా ఇలాంటి కాపీల ద్వారానే. థీమ్ ఫోల్డర్‌లో క్లాస్ డాట్ థీమ్-మాడ్యూల్స్ అనే ఫైల్ కనబడితే ఇక ఆ థీమ్‌ని బాగుచేసే ఆలోచన పెట్టుకోకండి. అది ఆ ఒక్క థీమ్‌లో ఆగదు, అదే సర్వర్‌లోని మిగతా థీమ్‌లలోకీ పాకుతుంది. ఇక్కడ బేరం లేదు. అసలు కాపీ కొనాలి లేదా వేరేది పెట్టాలి. నేనైతే నల్డ్ థీమ్ ఉన్న సైట్ మీద చేయి వేయను, ఎంత దగ్గరివాళ్ళు అడిగినా.

ఒక్క చీరకి 25 ఫైళ్ళు

చిన్న విషయమే, కానీ సైట్‌కి సర్వర్‌లో జాగా అద్దెకిచ్చే హోస్టింగ్ వాళ్ళ నుంచి మెయిల్ వచ్చేదాకా ఎవరూ చూడరు. ఫొటో ఒకటి ఎక్కిస్తే వర్డ్‌ప్రెస్ తన అవసరానికి ఆరు సైజుల్లో కాపీలు చేసుకుంటుంది. ఫోన్ కెమెరాతో తీసిన పెద్ద ఫొటో అయితే 2560 పిక్సెల్‌లకు తగ్గించిన కాపీ ఇంకొకటి. వూకామర్స్ మూడు. ఈ థీమ్ తన డెమోలన్నిటి కోసం మరో పద్నాలుగు నమోదు చేసింది. అసలు ఫొటోతో కలిపి 25. వెయ్యి చీరలు, చీరకి రెండు ఫొటోలు అనుకున్నా 50 వేల ఫైళ్ళు. చవక హోస్టింగ్‌లలో ఫైళ్ళ సంఖ్యకీ ఒక హద్దు ఉంటుంది. అది దాటితే జాగా ఖాళీగా ఉన్నా కొత్త ఫొటో ఎక్కదు. చైల్డ్ థీమ్‌లో (అసలు థీమ్‌ని ముట్టుకోకుండా మార్పులు పెట్టుకునే చోటు, దాని సంగతి కింద చెబుతాను) కొన్ని లైన్లతో ఆ పద్నాలుగులో వాడనివాటిని తీసేశాను. అంతకుముందే పోగుపడ్డ పాత కాపీలు తుడవడానికి ఒక రాత్రి పట్టింది.

వేగం సంగతి మాత్రం అందరూ అడుగుతారు, సైట్ వేగానికి గూగుల్ ఇచ్చే పేజ్‌స్పీడ్ మార్కులు చూసి. తెర మీద అన్నిటికన్నా పెద్దగా ఉండే ముక్క, ఫొటో కానీ హెడ్డింగ్ కానీ, 2.5 సెకన్లలోపు కనబడాలని గూగుల్ పెట్టుకున్న కొలత. మార్కుల కోసం పరుగెత్తకుండా, షాపు బయట నిలబడి మామూలు ఫోన్‌లో, మొబైల్ డేటా మీద తెరిచి చూడమంటాను. కస్టమర్ చూసేది అలాగే కదా. ఎక్కడ ఆలస్యమవుతోందో తెలియాలంటే క్వెరీ మానిటర్ అనే ఉచిత ప్లగిన్ చాలు. ఏ లైన్ డేటాబేస్‌ని ఎన్నిసార్లు విసిగిస్తోందో ఫైల్ పేరుతో సహా చెబుతుంది.

తెల్లారేసరికి తెల్ల పేజీ

"నేనేం చేయలేదు, నిన్న రాత్రి దాకా బాగుంది." ఈ ఫోన్ వచ్చిందంటే చాలాసార్లు కారణం పీహెచ్‌పీ వెర్షన్. 7.4కి 2022 నవంబర్‌తో సెక్యూరిటీ సపోర్ట్ అయిపోయింది, హోస్టింగ్ వాళ్ళు 8కి మారుస్తూ వచ్చారు. పాత థీమ్‌లు విరివిగా వాడిన క్రియేట్-ఫంక్షన్, ఈచ్ లాంటివి 8.0లో తీసేశారు. తీసేసిన ఫంక్షన్‌ని పిలిస్తే సైట్ అక్కడే ఆగిపోతుంది. 2019లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ ఇలాంటప్పుడు అడ్మిన్ మెయిల్‌కి ఒక రికవరీ లింక్ పంపిస్తుంది, అందులో ఏ థీమ్‌లో ఏ లైన్ దగ్గర ఆగిందో ఉంటుంది. మంచి ఏర్పాటే. కానీ ఆ అడ్మిన్ మెయిల్ ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయిన ఆ కుర్రాడిది.

పేజీలో స్లైడర్లని, మెనూలని కదిలించే కోడ్‌కి ఆధారమైన జేక్వెరీ విషయంలో కూడా ఇదే జరిగింది. 2020 ఆగస్టులో వర్డ్‌ప్రెస్ 5.5 పాత కోడ్‌కి ఊతకర్రలా ఉన్న జేక్వెరీ మైగ్రేట్‌ని ఆపేసింది. స్లైడర్లు కదలడం మానేశాయి, మెనూలు తెరుచుకోలేదు. తిట్లు వర్డ్‌ప్రెస్‌కి పడ్డాయి, తప్పు మాత్రం ఆ జేక్వెరీ పద్ధతులు ఎప్పుడో రద్దయినా మార్చుకోని థీమ్‌లది.

తిట్టే ముందు పోల్చి చూడటం

ఒకసారి నేనే ఒక థీమ్‌ని నోరారా తిట్టాను, క్లయింట్ ముందే. తర్వాత అసలు జిప్ డౌన్‌లోడ్ చేసి ఫైల్ ఫైల్‌కీ పోల్చి చూస్తే, నేను తిట్టిన లైన్లు థీమ్‌వి కావు. నాకన్నా ముందు పనిచేసినవాడు థీమ్ ఫైళ్ళలోనే నేరుగా రాసిపెట్టినవి. పోలికలో పదకొండు ఫైళ్ళు తేడా వచ్చాయి. థీమ్ అప్‌డేట్ చేస్తే అవన్నీ తుడిచిపెట్టుకుపోతాయని తెలిసి, అతను అప్‌డేట్ నోటీసు కనబడకుండా కూడా కోడ్ రాశాడు. అదీ చాకచక్యం! అప్పటినుంచి పోల్చకుండా నోరు తెరవను.

ఆ మార్పులు ఉండాల్సిన చోటు చైల్డ్ థీమ్. అసలు థీమ్‌ని తల్లిగా చెప్పుకునే చిన్న ఫోల్డర్, మార్చుకోవాల్సిన ఫైళ్ళు మాత్రమే అందులో ఉంటాయి. తల్లి అప్‌డేట్ అయినా పిల్ల చెక్కుచెదరదు. అయితే ఇదీ సర్వరోగ నివారిణి కాదు. నాలుగేళ్ళ కిందట చైల్డ్‌లోకి కాపీ చేసిన చెకౌట్ పేజీ నాలుగేళ్ళ కిందటిలాగే ఉండిపోతుంది, వూకామర్స్ ముందుకెళ్ళిపోతుంది. వూకామర్స్ స్టేటస్ పేజీ అడుగున పాతబడిన టెంప్లేట్ల లిస్టు ఉంటుంది. అటువైపు వెళ్ళేవాళ్ళు తక్కువ.

ఇక డబ్బుల మాట

ఏ థీమ్ చూసినా చివరికి దారులు మూడే. పైపైన సర్ది నడిపించడం, అలాగే ఉంచి మెల్లగా కంటెంట్‌ని దాని చేతుల్లోంచి లాగేయడం, ఏకంగా మార్చేయడం. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన తమ్ముళ్ళు మూడోదానికే మొగ్గుతారు, "మొత్తం తీసేసి నేను రాస్తా అన్నా" అని. నాకు రెండోది ఇష్టం. షాపు మూయకుండా రిపేర్ చేసినట్టు. ముందు పోస్ట్ టైపులు సొంత ప్లగిన్‌లోకి వస్తాయి. తర్వాత షార్ట్‌కోడ్ పేజీలు, జనం ఎక్కువగా చూసేవి ముందు, ఒక్కొక్కటిగా వర్డ్‌ప్రెస్‌లోనే ఉండే మామూలు బ్లాకుల్లోకి. ఎవరూ చూడని పాత పేజీల కోసం, ఆ షార్ట్‌కోడ్ పేర్లనే తీసుకుని లోపలి మాటలు మాత్రం చూపించే నాలుగు లైన్ల కోడ్ చాలు, బ్రాకెట్లు కనబడకుండా పోతాయి. ఇవి అయ్యాక థీమ్ మార్చడం నిజంగానే చొక్కా మార్చినంత పని. నల్డ్ అయినా, తయారుచేసినవాళ్ళు వదిలేసిన థీమ్ అయినా మాత్రం అంత ఓపిక పనికిరాదు, వెంటనే మార్చాలి.

రేటు దగ్గర నేను చేసిన పెద్ద తప్పు, థీమ్ తెరవకముందే ఫోన్‌లో అంకె చెప్పేయడం. బానెట్ ఎత్తకుండా రిపేర్ రేటు చెప్పే మెకానిక్‌ని మనం నమ్మం, మనం మాత్రం అదే చేస్తాం. ఇప్పుడు మొదట చూసినందుకు విడిగా ఒక చిన్న ఫీజు తీసుకుంటాను. రెండు మూడు రోజులు. చివర్లో తెలుగులో ఒక పేజీ రాసిస్తాను: థీమ్ తీస్తే ఏం పోతుంది, ఏం ఉంటుంది, లైసెన్స్ ఎవరి మెయిల్ మీద ఉంది, ఏది ఈ వారమే చేయాలి. ఆ పేజీ తీసుకుని వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళినా నాకు అభ్యంతరం లేదని కూడా చెబుతాను. కొందరు వెళ్ళారు.

చీరల షాపు అన్న ముందు ఒప్పుకోలేదు. "చూసుడుకు గూడ పైసలా తమ్మీ?" అన్నాడు. "అన్నా, డాక్టర్ స్కానింగ్ రాస్తే ఇస్తలేమా?" అన్నాను. "డాక్టర్ వేరు" అన్నాడు. తర్వాత స్టేజింగ్‌లో థీమ్ ఆపి చూపించినప్పుడు, ఆ బ్రాకెట్ల మధ్య "1978 నుంచి మీ సేవలో" అన్న లైన్ చూసి కాసేపు మాట్లాడలేదు. షాపు పెట్టింది వాళ్ళ నాన్న. "గిది మన పేజీయేనా?" అని అడిగాడు. గల్లా పెట్టె తెరిచాడు.

ఆ పని దసరా సీజన్ ముందు మొదలై సంక్రాంతి దాకా సాగింది. థీమ్ ఇంకా అదే ఉంది. కానీ ఇప్పుడది తీసేసినా బ్రాంచీలు, పేజీలు, కస్టమర్ల మాటలు ఎక్కడికీ పోవు. అడ్మిన్ మెయిల్ ఆయనది, లైసెన్స్ ఆయన పేరు మీద, బ్యాకప్ ఆయన పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

మొన్న రాత్రి పదకొండుకి ఆయన నుంచి వాట్సాప్‌లో ఒక లింక్ వచ్చింది. బామ్మర్ది ఫంక్షన్ హాల్‌కి ఇంకో థీమ్ డెమో. "కొనలే. నీకే ముందు పంపిన" అని వాయిస్ మెసేజ్. డెమో తెరవలేదు. ముందు ఛేంజ్‌లాగ్, అంటే ఎప్పుడు ఏం మార్చారో రాసే చిట్టా, దగ్గరికి వెళ్ళి చివరి అప్‌డేట్ తేదీ చూశాను. ఆ తర్వాత కొన్నవాళ్ళు అడిగిన ప్రశ్నలు, వాటికి జవాబులు ఎన్నాళ్ళకి వచ్చాయో. ఆ తర్వాత థీమ్‌తో తప్పనిసరిగా పెట్టాల్సిన ప్లగిన్లు ఎన్నో. తొమ్మిది. "అన్నా, రేపు మాట్లాడుదాం" అని పెట్టి పడుకున్నాను.